పరాయి దేశంలో పండుగ దస్తర్‌ఖాన్

ఇంటికి వచ్చినవాడు అతిథి. మరి తానే పరాయి ఊరికి వెళ్లినవాడు, అక్కడ తనకంటూ ఇల్లూ వాకిలీ లేనివాడు, మరొకరికి ఆతిథ్యం ఇవ్వవలసి ఉంటుందా? గల్ఫ్ దేశాలలో ఉపాధి కోసం ఉంటున్న మన సోదరులు పండుగలు దగ్గర పడినప్పుడల్లా ఈ ప్రశ్నను ఏదో ఒక రూపంలో అడుగుతూనే ఉంటారు. గోదావరిఖని ప్రాంతానికి చెందిన ఒక సోదరుడు ఫోనులో ఇలా అడిగాడు: "మౌలానా సాబ్! రూములో పదిమందిమి ఉంటాం. ఈసారి పండుగకు దావత్ నువ్వే ఇవ్వాలంటున్నారు. వీసా కోసం చేసిన అప్పు ఇంకా తీరలేదు. ఇంటి దగ్గర పిల్లల బట్టలకు డబ్బు పంపాలి. ఎవరి హక్కు ముందు?"

పైకి ఇది డబ్బు లెక్కలా కనిపిస్తుంది. కాని దీని లోపల ఇంకో ప్రశ్న ఉంది. పండుగ భోజనం అంటే ఏమిటి? మన ఆనందమా, మన హోదానా, లేక మనపై ఇతరులకున్న హక్కా? స్వంత ఊళ్లో ఉన్నప్పుడు ఈ ప్రశ్న తలెత్తదు. అమ్మ షీర్ ఖుర్మా కాస్తుంది. చెల్లెళ్లు, బావలు వస్తారు. పక్కింటి పిల్లలు గిన్నెలు పట్టుకుని తిరుగుతుంటారు. దస్తర్‌ఖాన్ దానంతటదే నిండిపోతుంది. ఎవరిని పిలవాలి, ఎవరిని పిలవకూడదు అని ఆలోచించే పని మనకు ఉండదు. బంధుత్వమూ, వాడకట్టూ కలిసి ఆ పని చేసేస్తాయి. పరదేశంలో ఈ రెండూ ఉండవు. అక్కడ దస్తర్‌ఖాన్ మీద కూర్చునే ప్రతి మనిషినీ మనమే ఎంచుకోవాలి. అందుకే అక్కడి పండుగ భోజనం మన మనసుకు ఒక పరీక్ష అవుతుంది.

ప్రియ పాఠకులారా! దివ్య ఖుర్ఆన్ ఆతిథ్యాన్ని వర్ణించిన సందర్భాలలో అన్నిటికంటే వివరంగా కనిపించేది హజ్రత్ ఇబ్రాహీమ్ (అలైహిస్సలామ్) ఇంటి సంఘటన. హూద్ సూరాలోనూ, జారియాత్ సూరాలోనూ అది ఉంది. కొత్త మనుషులు వచ్చి సలాం చేశారు. ఆయన సలాంకు జవాబిచ్చారు. మీరెవరో నాకు తెలియదన్న భావం ఆయన మాటలోనే ఉంది. అయినా ఎంతమంది మీరు, ఎక్కడి నుండి వస్తున్నారు, తింటారా తినరా అని అడగలేదు. చప్పుడు చేయకుండా ఇంట్లోకి వెళ్లి, బలిసిన ఆవుదూడను వండించి తెచ్చారు. అతిథులను లేపి భోజనం దగ్గరకు తీసుకెళ్లలేదు, భోజనాన్నే వారి దగ్గరకు తెచ్చిపెట్టారు. ఆ తర్వాతే, మీరు తినరా అని మృదువుగా అడిగారు. వచ్చినవారు దైవదూతలు, తినేవారు కారు. ఆ సంగతి ఆయనకు అప్పటికి తెలియదు.

మన ధర్మపండితులు ఈ ఆయతుల నుండి ఆతిథ్య మర్యాదలను ఎన్నో వెలికితీశారు. మేము ఇక్కడ ఒక్క విషయం వైపు మాత్రమే దృష్టి మళ్లించదలచాం. ఆ ఆతిథ్యం ఇచ్చినప్పుడు ఇబ్రాహీమ్ (అ) ఎక్కడ ఉన్నారు? పుట్టిన ఊళ్లో కాదు. కన్నతండ్రి వెళ్లగొట్టాడు, జాతి జనం అగ్నిలో వేశారు. ఆయన స్వదేశం విడిచి హిజ్రత్ చేసి, కన్ఆన్ ప్రాంతంలో పరదేశిగా బ్రతుకుతున్నారు. అంటే ఖుర్ఆన్ మన ముందు నిలబెట్టిన గొప్ప ఆతిథేయి ఒక వలస మనిషి! ఆ గడ్డ మీద తరతరాలుగా పాతుకుపోయిన పెద్దమనిషి కాదు. నేనే పరాయివాణ్ణి, నేనెవరికి పెట్టగలను అనేవారు ఈ విషయం ఆలోచించాలి. పరాయితనం అంటే ఏమిటో రుచి చూసినవాడే గుమ్మం ముందు నిలబడ్డ పరాయివాణ్ణి గుర్తుపట్టగలడు.

మదీనాలో జరిగిన సంగతి కూడా ఇలాంటిదే. క్రీ.శ. 622లో హిజ్రత్ తర్వాత దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) ముహాజిర్లకూ అన్సార్లకూ మధ్య సోదర బంధం ఏర్పరచారు. హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి)కి అన్సారీ సోదరుడైన సాద్ బిన్ రబీ (రజి) తన ఆస్తిలో సగం ఇస్తానన్నారు. ఆయన దీవించి, వద్దని చెప్పి, బజారుకు దారి చూపించమన్నారు. జున్ను, నెయ్యి అమ్ముకుని నాలుగు డబ్బులు సంపాదించారు. కొంతకాలానికి పెళ్లి చేసుకున్నారు. ఆ సంగతి తెలిసిన దైవప్రవక్త (స) ఆయనకు ఏమి ఆదేశించారు? ఒక్క మేకతోనైనా సరే, వలీమా విందు ఇవ్వమన్నారు. చేతిలో ఏమీ లేకుండా వచ్చిన మనిషి, నిన్నగాక మొన్న ఊళ్లో అడుగుపెట్టిన మనిషి! నువ్వు కొత్తవాడివి, ఇప్పుడు తీసుకునే స్థానంలో ఉన్నావు, పెట్టడం తర్వాత చూద్దాంలే అని ఆయనతో అనలేదు. మేక ఒక్కటి చాలని కొలత తగ్గించారు తప్ప, పెట్టే బాధ్యతను తగ్గించలేదు.

అలాగని ఇస్లాం ధర్మం ఎవరి మీదా మోయలేని బరువు వేయలేదు. నూర్ సూరా 61వ ఆయతు ఈ విషయంలో గొప్ప ఊరట. కినానా తెగలోని ఒక వంశంవారు తోడు లేకుండా ఒంటరిగా తినడాన్ని తప్పుగా భావించేవారనీ, అతిథి దొరికేదాకా ఆకలితోనే కూర్చునేవారనీ తఫ్సీర్ గ్రంథాలు తెలుపుతున్నాయి. కలిసి తిన్నా, విడివిడిగా తిన్నా దోషం లేదని అల్లాహ్ ఆ ఆయతులో స్పష్టం చేశాడు. 2020లో లాక్‌డౌన్ కారణంగా రమజాన్ పండుగ నాడు ఎందరో సోదరులు గదుల్లోనే నమాజు చేసుకుని, ఒంటరిగా సేమియా తిన్నారు. వారి పండుగలో లోటేమీ లేదు. అల్లాహ్ స్వీకరించుగాక!

అదే ఆయతులో ఇంకొక అందమైన విషయం ఉంది. ఎవరెవరి ఇళ్లలో సంకోచం లేకుండా తినవచ్చో చెబుతూ తండ్రులు, తల్లులు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, బాబాయిలు, మేనత్తలు, మేనమామలు, పినతల్లులు అని వరుసగా బంధువులను పేర్కొన్నాడు. ఆ వరుసలో చిట్టచివర ఎవరున్నారో తెలుసా? స్నేహితుడు. రక్తసంబంధీకుల సరసన అల్లాహ్ స్నేహితునికి చోటిచ్చాడు. పరదేశంలో ఆ బంధువుల్లో ఒక్కరూ అందుబాటులో ఉండరు. చివరివాడొక్కడే మిగులుతాడు. కాబట్టి స్నేహితులతో కలిసి పండుగ చేసుకోవడం కాలక్షేపం కాదు, దానికి ధర్మంలోనే పునాది ఉంది.

ఇక ఆ సోదరుని ప్రశ్నకు వద్దాం. ఎవరి హక్కు ముందు? ఇందులో సందేహానికి తావు లేదు. దైవమార్గంలో ఖర్చు చేసినది, పేదవానికి ఇచ్చినది, భార్యాపిల్లలపై ఖర్చు చేసినది, వీటన్నిటిలో భార్యాపిల్లలపై ఖర్చు చేసిన దీనారుకే ఎక్కువ పుణ్యం అని దైవప్రవక్త (స) తెలియజేశారు. తన పోషణలో ఉన్నవారిని పస్తు పెట్టడం ఒక్కటే మనిషి పాపానికి సరిపోతుందని కూడా ప్రవచించారు. కాబట్టి వడ్డీకో, చేబదులుకో తెచ్చి రూములో బిర్యానీ దావత్ ఇవ్వడం పుణ్యకార్యం కాదు. వడ్డీ అప్పయితే అది నిషిద్ధం కూడా. ముందు ఇంటికి పంపవలసింది పంపాలి, అప్పు వాయిదా కట్టాలి.

అయితే డబ్బు లేదు కనుక దస్తర్‌ఖాన్ లేదు అనడం కూడా సరికాదు. కూర వండినప్పుడు నీళ్లు కాస్త ఎక్కువ పోసి పొరుగువారికి పంచమని దైవప్రవక్త (స) హజ్రత్ అబూజర్ (రజి)కి బోధించారు. ఇద్దరి తిండి ముగ్గురికి, ముగ్గురి తిండి నలుగురికి సరిపోతుందన్నారు. మన తెలంగాణలో దావత్ అనగానే మేక, బిర్యానీ, డబల్ కా మీఠా కళ్ల ముందు మెదులుతాయి. నిజానికి అరబీలో ఆ మాటకు అర్థం పిలుపు. పిలవడమే దావత్. పిలిచిన తర్వాత బగారా అన్నం, దాల్చా పెట్టినా పిలుపు నెరవేరినట్లే.

ఖుర్బానీ విషయంలో కూడా ఒక అపోహ ఉంది. కొందరు, మేము పరదేశంలో ఉన్నాం కదా, ముసాఫిర్ మీద ఖుర్బానీ లేదు కదా అంటారు. హనఫీ ధర్మశాస్త్రం ప్రకారం ఒకచోట పదిహేను రోజులు లేక అంతకు మించి ఉండాలని సంకల్పించుకున్నవాడు ముసాఫిర్ కాడు. రెండేళ్ల ఒప్పందంపై వెళ్లినవాడు ఏ విధంగానూ ప్రయాణికుడు కాజాలడు. అయితే అవసరాలూ, అప్పులూ పోగా నిసాబ్ మిగలనివాని మీద ఖుర్బానీ వాజిబ్ కాదు. వీసా అప్పులో మునిగిన సోదరుడు ఈ లెక్క చూసుకోవాలి. స్థోమత ఉన్నవారు డబ్బు పంపి ఇంటి దగ్గర ఖుర్బానీ చేయిస్తే చెల్లుతుంది. కాని సౌదీలోనూ, దుబాయిలోనూ పండుగ తరచుగా మనకంటే ఒకరోజు ముందు వస్తుంది కనుక, రెండు చోట్లా ఖుర్బానీ దినాలు నడుస్తున్న సమయంలోనే జిబహ్ చేయించడం జాగ్రత్త. ఇంకొక మాట. గల్ఫ్ కొడుకు పంపిన పొట్టేలని, దాని బరువూ ధరా బస్తీ అంతటా చెప్పుకునే అలవాటు మొదలైంది. అల్లాహ్‌కు చేరేది మాంసమూ కాదు, రక్తమూ కాదు, భయభక్తులేనని హజ్ సూరా బోధిస్తుంటే, ఈ ప్రచారం ఎవరికి చేరడానికో!

అదే హజ్ సూరాలో, ఖుర్బానీ మాంసాన్ని మీరూ తినండి, ఇద్దరికి తినిపించండి అనే ఆదేశం ఉంది. ఒకడు 'ఖానిఅ', రెండోవాడు 'ముఅతర్'. ఎక్కువమంది వ్యాఖ్యాతల ప్రకారం ముఅతర్ అంటే వచ్చి అడిగేవాడు. ఖానిఅ అంటే ఉన్నదానితో సరిపెట్టుకుని అడగకుండా ఉండేవాడు. అడిగేవాణ్ణి చూడడం తేలిక, తలుపు తట్టి నిలబడతాడు. అడగనివాణ్ణి వెతకాలి. ఈ ఆయతు అర్థం కావాలంటే గల్ఫ్ రూములో పండుగ ఎలా జరుగుతుందో చూడాలి.

ఒకదానిపై ఒకటి మంచాలు, ఎనిమిది మందో పది మందో మనుషులు, అందరికీ కలిపి ఒక వంటిల్లు. పండుగకు వారం ముందు ఒకరు చందా మొదలుపెడతారు. తలా ఇంత అని నిర్ణయిస్తారు. మాంసం ఒకరు తెస్తారు, బాస్మతి ఒకరు తెస్తారు, వంట బాగా వచ్చినవాడు గరిటె పట్టుకుంటాడు. ఇందులో తప్పేమీ లేదు, మంచి పద్ధతే. కాని కొత్తగా వచ్చి మొదటి జీతం అందనివాడు ఒకడుంటాడు. ఇంటి దగ్గర తండ్రి ఆసుపత్రిలో ఉంటే ఉన్నదంతా పంపేసినవాడు ఒకడుంటాడు. కంపెనీ రెండు నెలలుగా జీతం ఆపినవాడు ఉంటాడు. వీరిలో ఎవరూ నా దగ్గర లేదు అని నోరు తెరిచి చెప్పరు. నాకు ఆ రోజు ఓవర్‌టైమ్ ఉంది అంటారు. మా ఊరివాడు ఇంకో క్యాంపులో ఉన్నాడు, అక్కడికి పోతున్నా అంటారు. పండుగ నాడు నమాజు ముగించుకుని ఏ పార్కులోనో, బస్‌స్టాపులోనో కూర్చుని, మధ్యాహ్నం దస్తర్‌ఖాన్ ఎత్తేశాక రూముకు వచ్చి పడుకుంటారు. రూములో మిగతావారు వాడి వాటా అడగలేదు కనుక తాము మంచివారమే అనుకుంటారు.

వాడే ఖానిఅ! ఆయతులోని మనిషి పక్క మంచం మీదే ఉన్నాడు. వాణ్ణి కోల్పోయిన విందు ఎంత రుచిగా ఉన్నా ఏం లాభం? ధనవంతులను పిలిచి పేదలను వదిలేసిన వలీమా భోజనం అన్నిటికంటే చెడ్డ భోజనం అని చెప్పబడింది. చందా విందులో పేదవాణ్ణి ఎవరూ వదిలేయరు, వాడే తప్పుకుంటాడు. ఫలితం మాత్రం అదే. మాకు తోచిన మార్గం ఇది. చందా పేరుపేరునా వసూలు చేయకుండా ఒక డబ్బా పెట్టండి. ఎవరు వేశారు, ఎంత వేశారు అన్నది ఎవరికీ తెలియనివ్వకండి. ఓవర్‌టైమ్ ఉందన్నవాని పళ్లెం మూతపెట్టి దాచండి, వచ్చినప్పుడు ఎదురుగా కూర్చుని తినండి. ఇబ్రాహీమ్ (అ) చప్పుడు చేయకుండా ఇంట్లోకి వెళ్లడంలోని మర్మం ఇదేనంటారు మన పెద్దలు. పెట్టబోతున్నట్లు తెలిస్తే అతిథి వద్దనవచ్చు, సిగ్గుపడవచ్చు.

ముస్లిమేతర సోదరుల సంగతేమిటని కూడా అడుగుతుంటారు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ నుండి వెళ్లిన హిందూ సోదరులు, నేపాలీలు మనవారితో ఒకే గదిలో ఉంటారు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) ఇంట్లో మేకను కోసినప్పుడు ఆయన, మన యూదు పొరుగువానికి పంపారా అని ఒకటికి రెండుసార్లు అడిగారని హదీసు గ్రంథాలలో ఉంది. పొరుగువాని హక్కుకు మతం అడ్డు కాదని దీని ద్వారా తెలుస్తోంది. వారిని పిలవండి. పెద్ద మాంసం తిననివారు ఉంటారు, శాకాహారులు ఉంటారు. వండినది ఏమిటో ముందే నిజం చెప్పి, వారికి వేరే గిన్నెలో వేరేగా వండిపెట్టడం ఆతిథ్యంలో భాగం. మన తెలంగాణ ఊళ్లలో హిందూ సోదరులు తమ శుభకార్యాలలో మేకను కోసేటప్పుడు ముస్లింను పిలిచి హలాల్ చేయించే మర్యాద పాటించేవారు, ముస్లిం స్నేహితులు కూడా తినాలని. ఆ మర్యాదకు బదులు తీర్చుకునే సందర్భం ఇది. మద్యం విషయంలో మాత్రం మొహమాటం పనికిరాదు. మద్యం తిరిగే దస్తర్‌ఖాన్‌పై విశ్వాసి కూర్చోరాదు. ఈ మాట పండుగకు ముందురోజే స్నేహంగా చెప్పుకుంటే విందు మధ్యలో గొడవ రాదు.

అమెరికాలో స్థిరపడిన కుటుంబాల కథ వేరు. అక్కడ డబ్బు కొరత లేదు, వలయం కొరత. షికాగో నగరంలోని డెవాన్ అవెన్యూలో హైదరాబాదీల దుకాణాలు, హోటళ్లు ఉన్నాయి. అదే వీధిలో రొహింగ్యా శరణార్థుల సాంస్కృతిక కేంద్రం 2016 నుండి నడుస్తోంది. ఒకే వీధి, ఒకే ఖిబ్లా. ఈద్ విందుకు మాత్రం మన భాష వాళ్లు, మన కాలేజీ వాళ్లు, మన జీతం వాళ్లు! తరతమ భేదాలను స్వదేశంలోనే వదిలి వచ్చామనుకునేవారు తమ అతిథుల జాబితాను ఒకసారి చూసుకోవాలి.

ఇదంతా చదివి, ఇవి పరదేశంలో ఉన్నవారి సంగతులు అనుకునే గోదావరిఖని కుటుంబాలకు కూడా ఒక మాట చెప్పాలి. ఖని అసలు ఎవరి ఊరు? 1871లో ఇల్లందు దగ్గర బొగ్గు బయటపడింది. 1920లో కంపెనీకి సింగరేణి పేరు వచ్చింది. ఇక్కడ 1960 ప్రాంతంలో గనులు తెరుచుకున్నాక పాత గనుల ప్రాంతాల నుండి, చుట్టుపక్కల పల్లెల నుండి, కోస్తా జిల్లాల నుండి, ఉత్తరాది నుండి జనం వచ్చారు. 1978లో ఎన్టీపీసీకి శంకుస్థాపన జరిగాక మరికొందరు వచ్చారు. మన తాతలు ఇక్కడికి పరదేశులుగానే వచ్చారు, ఎవరో ఒకరు వారికి మొదటి పూట అన్నం పెట్టారు.

ఈనాడు ఓపెన్‌కాస్టు గనులలో మట్టి తీసే కాంట్రాక్టు పనుల్లో, ప్లాంట్ల నిర్మాణ పనుల్లో బీహార్, జార్ఖండ్, ఉత్తరప్రదేశ్ నుండి వచ్చిన కార్మికులు మన మధ్యనే రేకుల షెడ్లలో ఉంటున్నారు. వారిలో ముస్లింలు ఈద్గాహ్‌లో మన పక్క వరుసలోనే నమాజు చేస్తారు. ఖుత్బా అయ్యాక మనం ముగ్గురు బంధువులను ఆలింగనం చేసుకుని స్కూటరు ఎక్కుతాం. వాళ్లు ఒకరితో ఒకరు సలాం చెప్పుకుని షెడ్డుకు నడుస్తారు. దుబాయిలో ఉన్న మన కొడుకును ఎవరైనా అరబ్బు తన ఇంటికి పిలిస్తే ఆ ఫోటోను వీధంతా చూపిస్తాం. ఆ బీహారు పిల్లవాని తల్లి కూడా ఫోను చేతిలో పట్టుకుని, నేడు ఎక్కడ తిన్నావు బేటా అని అడుగుతుంది కదా!

దైవప్రవక్త (స) కాలంలో ఒక సంవత్సరం బక్రీద్ సమయాన ఎడారి ప్రాంతపు పేద జనం మదీనాకు చేరుకున్నారు. ఆ ఏడాది ఖుర్బానీ మాంసాన్ని మూడు రోజులకు మించి నిల్వ ఉంచరాదని ఆయన (స) ఆదేశించారు. తర్వాతి ఏడాది సహాబాలు అదే ఆదేశం కొనసాగుతుందేమోనని అడిగితే, ఆ జనం కోసం అలా చెప్పాను, ఇప్పుడు తినండి, దాచుకోండి, దానం చేయండి అన్నారు. కనుక నేడు ఫ్రిజ్‌లో దాచుకోవడం నిషిద్ధం కాదు, అందరూ నిశ్చింతగా ఉండవచ్చు. కాని ఆ ఒక్క ఏడాది నిషేధానికి కారణం ఊళ్లోకి వచ్చిన పరదేశులే. ఖనిలో అలాంటి జనం రాని సంవత్సరం ఏదైనా ఉందా?

చివరిగా కొన్ని ధార్మిక నియమాలు. ఖుర్బానీ మాంసం ముస్లిమేతరులకు ఇవ్వడం హనఫీ ఉలమా దృష్టిలో ధర్మసమ్మతమే, కనుక షెడ్లలోని హిందూ కార్మికులకు కూడా ఇవ్వవచ్చు. మాంసం ముట్టనివారికి బియ్యం, సేమియా, చక్కెర ఇవ్వండి. కసాయి కూలిని మాంసం రూపంలో చెల్లించరాదు, అది వేరుగా డబ్బుతో ఇవ్వాలి. వండుకునే వసతి లేని షెడ్డుకు పచ్చిమాంసం పంపితే వారికి భారమే, వండి పంపడం మేలు. మొదటి రోజు డ్యూటీలో ఉండి ఈద్గాహ్‌కు రాలేని కార్మికులను రెండో రోజో, మూడో రోజో ఇంటికి పిలవవచ్చు. ఖుర్బానీకి జిల్‌హజ్ 12వ తేదీ సూర్యాస్తమయం వరకు సమయం ఉంది, ఆతిథ్యానికి ఆ గడువు కూడా లేదు. వల్లాహు ఆలమ్.